ఏ రాత ఎక్కడ నిలుస్తుంది?

ఇప్పుడు మనకు చదవడం వచ్చు. రాయడం వచ్చు. పలక మీద రాశాం. నోటు పుస్తకంలో రాశాం. వేలిముద్ర మానేసి సంతకం పెడుతున్నాం.

కానీ బతుకులో రాయాల్సినవన్నీ పలకలూ కాగితాలూ కావు. బస్తా మీద రాయాలి. పార మీద రాయాలి. నీళ్ల డ్రమ్ము మీద రాయాలి. పైపు మీద, తలుపు మీద, గోడ మీద రాయాలి.

పలక మీద రాసింది తుడిస్తే పోతుంది. పోవాలి కూడా. లేకపోతే ఇంకో అక్షరం ఎక్కడ రాస్తాం? మరి బస్తా మీద రాసిన పేరు పోతే? యార్డులో మన బస్తా ఏదో మనకే తెలియదు. మందు కలిపే డ్రమ్ము మీద రాసింది పోతే? ఎవరో ఒకరు అందులో తాగే నీళ్లు పడతారు.

అంటే రాయడం ఒక్కటే చాలదు. రాసింది అవసరమైన రోజున కనబడాలి. అందుకు ఏం చేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

రాత ఎందుకు పోతుంది?

ఒక ఊళ్లో పొదుపు సంఘం వాళ్లు పది పారలు, నాలుగు గడ్డపారలు, రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు కొన్నారు. వాటిని అద్దెకు ఇస్తారు. అన్నిటి మీదా సుద్దముక్కతో "సంఘం" అని రాశారు. వారం తిరగకుండానే రాత పోయింది. ఎవరి పార ఏదో తెలియలేదు. మాట మీద మాట పెరిగింది. సంఘం అక్క ఒకామె పెయింటర్ దగ్గరికి వెళ్లింది.

అక్క: తమ్ముడూ, ఎంత రాసినా నిలవడం లేదు. మంచి రంగేదైనా ఉంటే చెప్పు.

పెయింటర్: మంచి రంగు సంగతి తర్వాత అక్కా. ముందు చెప్పండి. దేని మీద రాస్తారు?

అక్క: పార మీద. డ్రమ్ము మీద.

పెయింటర్: పార ఇనుము. డ్రమ్ము ప్లాస్టిక్. రెండింటికీ ఒకే మందు పనిచేయదు. సరే, వస్తువు ఎక్కడ ఉంటుంది? ఎండలోనా, నీడలోనా?

అక్క: ఎండలోనే. వానలో కూడా.

పెయింటర్: ఎక్కడ పట్టుకుంటారు? ఎక్కడ రాసుకుంటుంది?

అక్క: పారకు ముందు అంచు మట్టిలో రాసుకుంటుంది. కర్ర చేతిలో రాసుకుంటుంది.

పెయింటర్: అయితే ఆ రెండు చోట్లా రాయకూడదు. రాత ఉత్తినే పోదక్కా. నీళ్లకు పోతుంది. ఎండకు వెలుస్తుంది. రాపిడికి అరుగుతుంది. లేదంటే కింద ఉన్న దుమ్ముతో, తుప్పుతో కలిసి రాలిపోతుంది. మీ రాతకు ఏది శత్రువో ముందు తెలుసుకోవాలి.

పెయింటర్ చెప్పిన చివరి మాట ముఖ్యం. దుమ్ము మీద రాస్తే రంగు దుమ్మును పట్టుకుంటుంది. వస్తువును పట్టుకోదు. దుమ్ము రాలితే రంగూ రాలుతుంది. తుప్పు మీద రాసినా, పొరలు లేచిన సున్నం మీద రాసినా ఇంతే.

దేనితో రాస్తాం?

మనకు తెలిసిన వాటితోనే మొదలుపెడదాం.

బొగ్గు, సుద్ద: ఇవి ఉత్త పొడి. పట్టి ఉంచే జిగురు వీటిలో లేదు. వడ్రంగి కొలత గుర్తుకు, మేస్త్రీ గీత గీయడానికి ఇవి చాలు. పని అయ్యాక పోవాల్సిన గుర్తులకు ఇవే మేలు.

మైనం చాకు, క్రేయాను: ఇవి మైనంతో చేసినవి. నీళ్లకు పోవు. కానీ వేడికి మెత్తబడతాయి. ఎండాకాలం రేకు మీద రాస్తే అలుక్కుపోతాయి.

మామూలు మార్కర్ పెన్ను: ఇందులో పలుచని సిరా ఉంటుంది. కాగితం మీద, అట్టపెట్టె మీద, నున్నని ప్లాస్టిక్ మీద బాగా రాస్తుంది. దీని సిరా చాలా వరకు ఎండకు వెలిసిపోతుంది. గరుకు రాయి మీద, దుమ్ము మీద రాస్తే మొన పాడవుతుంది.

పెయింట్ మార్కర్: దీనిలో సిరా కాదు, పెయింటే ఉంటుంది. వాడే ముందు బాగా ఊపాలి. మొన నొక్కితే పెయింట్ దిగుతుంది. గీత సన్నగా, చక్కగా వస్తుంది. కానీ దుమ్ముకు, నూనె జిడ్డుకు మొన మూసుకుపోతుంది.

గట్టి పెయింట్ మార్కర్: దుకాణంలో "సాలిడ్ పెయింట్ మార్కర్" అని అడగాలి. ఈ పాఠంలో మనం దీన్ని రంగుకడ్డీ అందాం. ఇది చూడ్డానికి లావుపాటి సుద్దముక్కలా ఉంటుంది. కానీ సుద్ద కాదు, మైనం కూడా కాదు. పెయింటునే గట్టిపరిచి కడ్డీగా పోసి, గొట్టంలో పెడతారు. ఒలికిపోదు. ఊపే పని లేదు. బ్రష్షు అక్కరలేదు. గరుకు రాయి, తుప్పు ఇనుము, పచ్చి కర్ర, టైరు, ఇలా మామూలు పెన్ను రాయని చోట కూడా రాస్తుంది. ఉక్కు ఫ్యాక్టరీల్లో, కర్ర డిపోల్లో, టైర్ల షాపుల్లో ఇలాంటివి వాడతారు.

పెయింటులో ఏముంది?

పెయింటులో ముఖ్యంగా రెండు ఉంటాయి. ఒకటి రంగు పొడి. రెండోది ఆ పొడిని వస్తువుకు పట్టి ఉంచే పదార్థం. అవిసె నూనె లాంటి నూనెలు అందుకు పనికొస్తాయి. ఈ నూనెలు గాలి తగిలితే క్రమంగా గట్టిపడి పొర కడతాయి. మనం వంటకు వాడే వేరుశెనగ నూనె అలా గట్టిపడదు. అందుకే అన్ని నూనెలూ రంగుకు పనికిరావు.

డబ్బా పెయింటులో మూడోది కూడా ఉంటుంది. అది పలుచన చేసే ద్రవం. టర్పెంటైన్ అలాంటిదే. పూసిన తర్వాత అది గాలిలోకి పోతుంది. ఆ ఘాటు వాసన దానిదే.

సుద్దలో పట్టి ఉంచేది లేదు. పెయింటులో ఉంది. తేడా అంతా అక్కడే.

రంగుకడ్డీ వాడే పద్ధతి

1. రాసే చోటును పాత గుడ్డతో తుడవాలి. దుమ్ము, నూనె, నీళ్లు లేకుండా చూడాలి. తడి మీద కూడా రంగుకడ్డీ రాస్తుంది. కానీ పొడిగా ఉన్న చోట రాసిందే బాగా పట్టుకుంటుంది.

2. మూత తీసి, గొట్టం అడుగున తిప్పాలి. కడ్డీ కొంచెం పైకి వస్తుంది. చిక్కుడు గింజ మందం వస్తే చాలు. ఎక్కువ తీస్తే విరుగుతుంది.

3. కొన మీద పలుచని పొర కట్టి ఉంటుంది. పాలు కాచి చల్లారిస్తే మీగడ కట్టినట్టు, గాలి తగిలిన పెయింట్ పొర కడుతుంది. కాగితంతో ఆ పొరను తీసేయాలి. కింద మెత్తని రంగు కనబడుతుంది. చాలామంది ఈ సంగతి తెలియక, కడ్డీ ఎండిపోయిందని పారేస్తారు.

4. మెల్లగా ఒత్తి రాయాలి. ఒకసారి రాసిన గీత మీదే మళ్లీ మళ్లీ రుద్దకూడదు. రంగు మందమైతే ఆరడం ఆలస్యమవుతుంది.

5. ఆరే దాకా ముట్టుకోకూడదు. పలుచని గీత కొద్ది నిమిషాల్లో పైపైన ఆరుతుంది. లోపల గట్టిపడటానికి ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. వాన వచ్చేటట్టు ఉంటే ఆ రోజు ఆగడం మంచిది.

6. పని కాగానే కడ్డీని లోపలికి తిప్పి మూత పెట్టాలి. ఎండలో వదిలేయకూడదు.

ఏ వస్తువు మీద ఎలా?

*ఇనుము.* ముందు తీగల బ్రష్షుతో గానీ, ఉప్పు కాగితంతో గానీ ఊడే తుప్పును గీకాలి. గుడ్డతో తుడవాలి. తర్వాత రాయాలి. పారకైతే రేకు వెనక వైపు, కర్ర దూర్చే గొట్టానికి దగ్గరగా రాయండి. అక్కడ రాపిడి తక్కువ. గడ్డపారకు మధ్యలో చేయి పడుతుంది, కొసలు నేలకు తగులుతాయి. ఆ రెండింటి మధ్య చోటు చూసుకోవాలి. వెల్డింగ్ చేసే అతుకు మీద గుర్తు పెట్టకండి. రంగు కాలితే వచ్చే పొగ మంచిది కాదు.

*చెక్క.* కొత్త కర్ర, కోసిన దుంగ, బండి చక్రం, కాడి, వీటి మీద రంగుకడ్డీ బాగా రాస్తుంది. చెక్కకు సన్నని రంధ్రాలుంటాయి. రంగు వాటిలో దిగి పట్టుకుంటుంది. ఒకసారి దిగిన రంగు మళ్లీ పోదు. అందుకని పాలిష్ పెట్టే తలుపు మీద, కిటికీ మీద పెన్సిలే వాడాలి.

*రాయి, ఇటుక, సిమెంటు.* గరుకుగా ఉంటాయి కాబట్టి రంగు బాగా నిలుస్తుంది. కానీ కడ్డీ త్వరగా అరుగుతుంది. కొత్తగా చేసిన సిమెంటు ప్లాస్టరు మీద వెంటనే నూనె రంగు వేయకూడదు. పచ్చి సిమెంటులో సున్నం లాంటి ఘాటు ఉంటుంది. అది నూనెను సబ్బులాగా మార్చి రంగును పాడుచేస్తుంది. నెల రోజులైనా ఆరనివ్వాలి. సున్నం కొట్టిన గోడ అయితే చేత్తో రాసి చూడండి. చేతికి తెల్లగా అంటితే అక్కడ రంగు నిలవదు. రాసే మేరకు సున్నం గీకి రాయాలి.

*గాజు, పింగాణీ.* ఇవి మరీ నున్నన. రంగు దిగడానికి రంధ్రాలు లేవు. వేలి జిడ్డు ఉన్నా రంగు పట్టదు. సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టి రాయాలి. వద్దనుకుంటే బ్లేడుతో గీకితే వచ్చేస్తుంది. సీసా మీద తేదీ రాసుకోవడానికి ఇది వీలు.

*ప్లాస్టిక్.* చిక్కు ఇక్కడే ఉంది. బిందెలు, డ్రమ్ములు, డబ్బాలు చాలా వరకు పాలీ రకం ప్లాస్టిక్‌తో చేస్తారు. చేత్తో ముడితే కొంచెం మైనంలా జారుతుంది. తామరాకు మీద నీళ్లు నిలవనట్టు, దీని మీద రంగు నిలవదు. రాసినప్పుడు బాగుంటుంది. ఎండాక గోటితో గీకితే పెచ్చుగా లేస్తుంది. ఏం చేయాలి? రాసే చోటును ఉప్పు కాగితంతో గరుకు చేయండి. తుడిచి రాయండి. మరునాడు గోటితో గీకి చూడండి. అప్పటికీ లేస్తే, రాతను నమ్ముకోవద్దు. డ్రమ్ము చెవికి తీగతో రేకు ముక్క కట్టి, ఆ రేకు మీద రాయండి.

*రబ్బరు.* టైరు మీద, మోటారు పైపు మీద పసుపు, తెలుపు రంగులు బాగా కనబడతాయి. మడత పడే చోట రాస్తే రంగు పగులుతుంది. మడత లేని చోట రాయాలి.

*గోనె సంచి.* దీని మీద రంగుకడ్డీ పనికిరాదు. పీచుకు తగులుకుని గీత తెగిపోతుంది. అచ్చురేకు మేలు. పలుచని రేకులో గానీ, గట్టి అట్టలో గానీ అక్షరం ఆకారం కోయాలి. దాన్ని సంచి మీద పెట్టి, బ్రష్షుతో రంగు అద్దాలి. పది సంచులైనా ఒకేలా వస్తాయి. మన తెలుగు అక్షరాల్లో సున్నలు ఎక్కువ. చుట్టూ కోస్తే మధ్య ముక్క ఊడిపడుతుంది. అందుకని అక్కడక్కడా సన్నని వంతెనలా కొంచెం రేకు వదిలి కోయాలి.

*బట్ట.* బట్టకు పెయింట్ వద్దు. గట్టిగా బిరుసెక్కుతుంది. ఉతుకుడుకు పగులుతుంది. ఉతికే వాళ్లు పూర్వం దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. నల్లజీడి గింజ రసంలో సున్నం కలిపి బట్ట మూలన చిన్న గుర్తు పెట్టేవాళ్లు. ఎంత ఉతికినా ఆ నలుపు పోయేది కాదు. అందుకే ఇంగ్లీషులో ఆ గింజ పేరే "గుర్తు పెట్టే గింజ" అయింది. అయితే ఆ రసం ఒంటికి తగిలితే పొక్కులు లేస్తాయి. తెలియని వాళ్లు దాన్ని ముట్టుకోకూడదు.

*వంట గిన్నెలు.* గిన్నె లోపల గానీ, అంచు మీద గానీ రంగు పూయకూడదు. స్టీలు సామాన్ల దుకాణంలో చిన్న మిషనుతో పేర్లు కొడతారు కదా. అదే సరైన పద్ధతి. చెక్కిన పేరుకు రంగు అక్కరలేదు. తోమినా పోదు.

*పశువులు.* రంగుకడ్డీ వస్తువుల కోసం చేసింది. పశువుల కోసం కాదు. ఆవు, మేక ఒంటిని నాకుతాయి. రంగు కడుపులోకి పోతుంది. మంద గుర్తు కావాలంటే పశువుల కోసం తయారుచేసిన రంగునే అడిగి తీసుకోవాలి. పశువుల డాక్టరు చెవికి వేసే పసుపు బిళ్ల మీద 12 అంకెలుంటాయి. అది పోకుండా చూసుకోవాలి.

అక్షరాలు ఎలా రాయాలి?

పూర్వం మన వాళ్లు తాటాకు మీద గంటంతో రాసేవాళ్లు. గంటం ఇనుప మొన. నిలువు గీతలు, అడ్డగీతలు గట్టిగా గీస్తే ఆకు చీలుతుంది. గుండ్రంగా రాస్తే చీలదు. మన అక్షరాలు గుండ్రంగా ఉండటానికి అదొక కారణమని చెబుతారు. అంటే రాసే చోటును బట్టి రాత కూడా మారుతుంది.

రంగుకడ్డీ మొన లావు. చిన్న అక్షరాలు రాస్తే లోపలి సున్నలు పూడిపోతాయి. "వ"కూ "మ"కూ తేడా తెలియదు. గుడి ఏదో, గుడిదీర్ఘం ఏదో తెలియదు. అందుకని:

- అక్షరం కనీసం నాలుగు వేళ్ల ఎత్తు ఉండాలి.
- పొడుగు మాటలు వద్దు. రెండు మూడు అక్షరాల మాట చాలు.
- ఒత్తులకు కింద చోటు వదలాలి.
- ముందు సుద్దతో రాసుకోవాలి. బాగుంటే దాని పక్కన రంగుతో రాయాలి. సుద్ద మీదే రంగు వేయకూడదు. ఎందుకో పైన చదివారు.
- నల్లని వస్తువు మీద తెలుపు, పసుపు. తెల్లని వస్తువు మీద నలుపు, ఎరుపు.
- పది పారలుంటే పేరుతో పాటు 1 నుంచి 10 దాకా అంకెలు వేయండి. ఏ పార ఎవరికి ఇచ్చారో పుస్తకంలో రాయండి. పార మీది అంకె, పుస్తకంలోని అంకె కలిస్తే ఇక తగాదా ఉండదు.

గుర్తు చెరిగితే ఏమవుతుంది?

పార పోతే ఇంకో పార కొనుక్కోవచ్చు. కొన్ని గుర్తులు పోతే ప్రాణాల మీదికే వస్తుంది.

మన దేశానికి పక్కనే బంగ్లాదేశ్ ఉంది. అక్కడ పల్లెల్లో చెరువు నీళ్లు తాగి జనం జబ్బు పడేవాళ్లు. ఆ బాధ తప్పాలని లక్షల కొద్దీ చేతిపంపులు వేసుకున్నారు. తర్వాత ఒక సంగతి బయటపడింది. చాలా పంపుల నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం ఉంది. అది భూమిలో సహజంగా ఉన్నదే. దానికి రంగు లేదు. రుచి లేదు. వాసన లేదు. కాచినా పోదు. ఏళ్ల తరబడి తాగితే చర్మం మీద మచ్చలు, కాయలు వస్తాయి. క్యాన్సర్ కూడా రావచ్చు.

కంటికి కనబడని విషాన్ని జనానికి ఎలా చూపించాలి? 2000 నుంచి 2003 దాకా అక్కడ సుమారు 50 లక్షల పంపుల నీళ్లను పరీక్ష చేశారు. విషం హద్దు దాటిన పంపుకు ఎర్ర రంగు వేశారు. హద్దులో ఉన్న పంపుకు ఆకుపచ్చ రంగు వేశారు. సుమారు 14 లక్షల పంపులకు ఎర్ర రంగు పడింది. చదువు రానివాళ్లకు కూడా తెలిసింది. ఎర్ర పంపు నీళ్లు తాగకూడదు, వంటకు వాడకూడదు. చాలా కుటుంబాలు ఆకుపచ్చ పంపు దగ్గరికి వెళ్లి నీళ్లు తెచ్చుకున్నాయి.

కానీ పంపు ఇనుముది. రోజూ తడుస్తుంది. ఎండ తగులుతుంది. చేతులు, బిందెలు తగులుతాయి. కొన్నేళ్లకు చాలా పంపుల మీద రంగు పోయింది. నీళ్లలో విషం అలాగే ఉంది. పైన గుర్తు మాత్రం లేదు. కొత్తగా వేసిన పంపులకు పరీక్షే జరగలేదు. ఏది మంచి పంపో, ఏది చెడ్డ పంపో మళ్లీ తెలియకుండా పోయింది.

చూశారా? రంగు ఒకసారి వేస్తే సరిపోదు. అది ఉందో లేదో చూస్తుండాలి. వెలిసిపోతే మళ్లీ వేయాలి.

మన నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్ల బాధ తెలియని వాళ్లు లేరు. ఫ్లోరైడుకు కూడా రంగు, రుచి లేవు. మీ ఊరి బోరు నీళ్లు పరీక్ష చేయించారా? తాగడానికి పనికిరావని తేలిందా? అయితే పంపు మీద "తాగరాదు" అని రాయండి. పరీక్ష చేసిన సంవత్సరం కూడా రాయండి. ప్రతి ఏడూ వానాకాలం తర్వాత ఆ రాతను చూసి, కావాలంటే మళ్లీ దిద్దండి.

మందు డబ్బాల సంగతి

పురుగుమందు డబ్బా మీద లేబులు ఉంటుంది. లేబులు మీద మూల మీద నిలబెట్టిన పలకలాంటి గుర్తు ఉంటుంది. దాని కింది సగంలో రంగు చూడండి.

ఎరుపు: అన్నిటికన్నా ఘోరమైన విషం. పై సగంలో పుర్రె బొమ్మ ఉంటుంది.
పసుపు: చాలా విషం.
నీలం: మధ్యరకం విషం.
ఆకుపచ్చ: వీటికన్నా తక్కువ విషం. తక్కువ అన్నారు గానీ, లేదు అనలేదు.

ఈ లేబులును చింపకూడదు. దాని మీద వేరే రంగు పూయకూడదు. మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాలో గానీ, మంచినీళ్ల సీసాలో గానీ పోయకూడదు.

"సీసా మీద విషం అని రాస్తాం కదా!" అని కొందరు అంటారు. రాస్తే మాత్రం? ఇంట్లో చిన్నపిల్లలు చదవలేరు. చీకట్లో మనమూ చదవలేం. సీసాను చూసి చేయి వెళుతుంది. రాతను చూసి ఆగదు. అందుకని మందు దాని డబ్బాలోనే ఉండాలి. తాళం వేసిన చోట ఉండాలి.

మరి రాయాల్సింది ఎక్కడ? మందు కలిపే డ్రమ్ము మీద రాయండి. కలిపే కర్ర మీద, కొలిచే మగ్గు మీద రాయండి. "మందు" అని ఎర్రగా రాయండి. వాటిని ఇంకే పనికీ వాడకండి. ఖాళీ అయిన మందు డబ్బాలను నీళ్లకు అసలే వాడకూడదు. మందు పట్టించిన విత్తనాలు మిగిలితే, ఆ సంచి మీద "తినరాదు" అని రాసి, ధాన్యానికి దూరంగా పెట్టండి.

అక్షరం నేర్చుకున్నందుకు ఇంతకంటే పెద్ద లాభం ఏముంటుంది?

జాగ్రత్తలు

- పెయింట్ మార్కర్ల వాసన పీల్చకూడదు. తలుపులు తెరిచి గానీ, ఆరుబయట గానీ రాయాలి.
- పొయ్యి, దీపం, బీడీ దగ్గర వాడకూడదు. రంగు, నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా వేయకూడదు. అవి తమంతట తామే వేడెక్కి అంటుకోవచ్చు. విడిగా పరిచి ఆరబెట్టి పారేయాలి.
- పిల్లల చేతికి ఇవ్వకూడదు. బొమ్మలకు, ఊయలకు, పలకకు ఈ రంగు వేయకూడదు.
- చేతికి అంటితే కొంచెం వంటనూనె రాసి, గుడ్డతో తుడిచి, సబ్బుతో కడుక్కోవాలి. పెట్రోలుతో కడగకూడదు. చేతులు కడుక్కోకుండా అన్నం తినకూడదు.
- కొన్ని రంగుల్లో సీసం ఉంటుంది. సీసం పిల్లల మెదడుకు చేటు. మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు దాటకూడదు. ఫ్యాక్టరీ పనుల రంగులకు ఈ నియమం లేదు. అందుకని డబ్బా మీద ఏం రాసి ఉందో చదివి కొనండి. చదవడం మనకు వచ్చు కదా.

గుర్తుంచుకుందాం

1. ముందు వస్తువును చూడు. తర్వాత రంగును ఎంచుకో.
2. తుడవని చోట రాసిన రాత నిలవదు.
3. రాపిడి లేని చోటు చూసి రాయాలి.
4. నున్నని ప్లాస్టిక్ మీది రాతను పరీక్ష చేయకుండా నమ్మకూడదు.
5. ప్రాణానికి సంబంధించిన గుర్తును ఏడాదికొకసారి చూసి దిద్దాలి.

చేసి చూద్దాం

ఒక రేకు ముక్క, ఒక కర్ర ముక్క, ఒక ఇటుక, ఒక పాత ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. ప్రతి దాని మీదా సుద్ద, మార్కర్ పెన్ను, రంగుకడ్డీ, ఈ మూడింటితో మీ పేరు రాయండి. సగం తుడిచి రాయండి. సగం తుడవకుండా రాయండి. నెల రోజులు ఎండలో, వానలో పెట్టండి. ఏ రాత నిలిచింది? ఏది పోయింది? నోటు పుస్తకంలో రాయండి. కేంద్రంలో అందరికీ చదివి వినిపించండి.

జవాబులు చెప్పండి

1. సంఘం వాళ్ల పారల మీద రాత ఎందుకు నిలవలేదు?
2. రంగుకడ్డీ కొన మీద పొర ఎందుకు కడుతుంది? దాన్ని ఏం చేయాలి?
3. పచ్చి సిమెంటు మీద నూనె రంగు ఎందుకు వేయకూడదు?
4. బంగ్లాదేశ్‌లో పంపులకు ఏ రంగులు వేశారు? ఆ రంగులు పోయాక ఏమైంది?
5. మీ ఇంట్లో, మీ ఊళ్లో తప్పకుండా గుర్తు పెట్టాల్సిన వస్తువులు ఏవి? ఐదు రాయండి. ఒక్కో దాని మీద దేనితో రాస్తారు?

కొత్త మాటలు

అచ్చురేకు: అక్షరం ఆకారం కోసిన రేకు
ఉప్పు కాగితం: గరుకు పొడి అతికించిన కాగితం
గంటం: తాటాకు మీద రాసే ఇనుప మొన
నల్లజీడి: బట్టల గుర్తుకు వాడిన గింజ
లేబులు: డబ్బా మీద వివరాలు రాసిన కాగితం